వర్షాభావమునందు పైరునకు ఎరువు చేయు సాయము
(మెట్ట భూముల పట్టాదారులకు ఉపయుక్తమగు వ్యాసము)



వాన కురియుటయు, కురియకుండుటయు మన చేతిలోని పని కాదు. అయినను కురిసిన వానలో ఎంత భాగము పైరునకు దక్కవలెను, ఎంత భాగము వృథాగా పోవలెను అను విషయము చాలవరకు మన చేతిలోనిదే. ప్రక్కప్రక్కనే యున్న రెండు చెల్కలపై ఒకే వాన కురిసి, ఒకే కార్తెలో బెట్ట తగిలినను, ఒకదానియందు జొన్న కంకి పాలు పోసికొని గట్టిపడుటయు, రెండవదానియందు పొట్టలోనే ఎండిపోవుటయు మీలో అనేకులు చూచినదే. ఈ భేదమునకు గల కారణములలో ముఖ్యమైన దొకటి, బెట్ట రాకముందు ఆ పైరు తిన్న తిండి.

“వానలేని యేట ఎరువు వేయుట డబ్బును మట్టిపాలు చేయుటయే” యను మాట పల్లెలలో తఱచు వినబడును. ఆ మాటలో కొంత నిజమును, కొంత పొరపాటును కలసియున్నవి. ఎరువునకై అప్పు చేసి, పంట చేతికి రాక, అప్పు మాత్రము మిగిలిన రైతునకు ఆ మాట తోచుట సహజమే. కాని ఎరువు మానిన రైతు కూడ అనేక పర్యాయములు అదే నష్టమును పొందుచున్నాడు. అందులో ఏది నిజమో, ఏది పొరపాటో విడదీసి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ఒక అంగుళము వాన లెక్క

ఒక ఎకరముపై ఒక అంగుళము, అనగా 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ నీరు సుమారు ఒక లక్ష లీటర్లగును. పైరు వేళ్ల ద్వారా నీటిని త్రాగి, అందులో నూటికి 97 పాళ్లకు మించిన భాగమును ఆకుల ద్వారా ఆవిరిగా విడిచిపెట్టును. జొన్నవంటి పైరు ఒక కిలో ఎండు పదార్థమును, అనగా చొప్ప, ఆకు, కంకి యన్నియు కలిపి తయారు చేయుటకు సుమారు 300 లీటర్ల నీటిని ఇట్లు వ్యయపరచును. కావున లక్ష లీటర్ల నీరును పైరే త్రాగగలిగినయెడల సుమారు 330 కిలోల పదార్థము తయారగును. అందులో మూడవ వంతు గింజ యనుకొనినను, ఒక అంగుళము వాన ఒక క్వింటాలునకు పైగా జొన్నలను ఈయగలదు.

అనంతపురము జిల్లా మన దేశమునందలి మిక్కిలి వర్షాభావ ప్రాంతములలో నొకటి. అక్కడ సైతము సాలున సగటున సుమారు 550 మిల్లీమీటర్ల, అనగా 22 అంగుళముల వాన కురియును. పై లెక్కనుబట్టి చూచిన అది స్వల్పమైన ఆస్తి కాదు. అయినచో మన గాదెలలో ఆ మేరకు గింజ ఎందుకు చేరుట లేదు? వాననీరు మూడు దారులలో ఖర్చగుచుండుటయే కారణము. కొంత నీరు వాలుననుసరించి వాగు పాలగును. కొంత నీరు పైరు కప్పని బోడి నేలనుండి ఎండకు ఆవిరియగును. మిగిలినది మాత్రమే పైరు వేళ్లకు అందును. మొదటి దారిని అరికట్టునది గట్టు, అడ్డ దుక్కి. రెండవ దారినుండి నీటిని మూడవ దారికి మరలించుటలో ఎరువునకు పెద్ద పాత్ర కలదు.

ఎట్లనగా, బలమైన తిండి గల పైరు మొలచిన నాలుగైదు వారములలోనే సాళ్ల నడుమ నేలను ఆకుతో కప్పివేయును. నేలకు ఎండ తగులుట తగ్గును. వేళ్లు లోతునకు పోయి, పైపొర ఎండినను క్రిందిపొర పదునును అందుకొనును. తిండిలేని పైరు పసుపువన్నె తిరిగి, గిడసబారి, నేలను కప్పజాలక, తాను త్రాగవలసిన నీటిని ఎండకు అప్పగించును. అందుచేత ఎరువు క్రొత్తగా నీటిని పుట్టించునది కాదు. ఉన్న నీటిని గింజగా మార్చునది. ఈ ఒక్క మాటను రైతులు జ్ఞాపకముంచుకొనిన చాలును. తక్కినదంతయు దీని వివరణమే.

2. ఆకలికి దాహమునకు గల సంబంధము

మొక్క మట్టిని తినదు. మట్టిలోని నీటియందు కరగిన లవణములను మాత్రమే వేళ్ల ద్వారా గ్రహించును. నత్రజని నీటితోపాటు ప్రవహించి వేరును చేరును. భాస్వరమును, పొటాషును మట్టి రేణువుల చుట్టునుండు పలుచని నీటిపొరలో మెల్లమెల్లగా జరుగుచు వేరును చేరును. నేల ఎండినకొలది ఆ నీటిపొర పలుచబడి, తెగిపోయి, వాని దారి మూసికొనిపోవును. అప్పుడు నేలలో సారము ఉన్నను మొక్కకు అందదు. గాదె నిండియుండి తాళము పడినట్లగును.

కావున బెట్ట కాలమునందు పైరునకు దాహముతోపాటు ఆకలియు కలుగును. ఆ సమయమున ఎండిన నేలపై ఎరువు చల్లిన ప్రయోజనము లేదు. పైన చెప్పిన సామెతవంటి మాటలోని నిజము ఇదియే. కాని బెట్టకు ముందు, నేల పదునుగా నున్నప్పుడే, వేళ్లు తిరుగు చోటునందే తిండి పెట్టియున్నచో పైరు దానిని శరీరమునందు నిలువ చేసికొని, కఱవు దినములను గడపగలదు. ఇది ఆ మాటలోని పొరపాటు.

3. మూడు ముఖ్యాహారములు చేయు పని

భాస్వరము: ఇది లేత మొక్కకు వేళ్లు సాగుటకు ముఖ్యముగా కావలసినది. వేరు ఎంత లోతునకు, ఎంత విశాలముగా పోయిన, మొక్కకు అంత నీరు దక్కును. భాస్వరము మట్టిలో వేసిన చోటునుండి ఎక్కువగా కదలదు. అందుచేత దానిని పైన చల్లుటవలన ఫలము స్వల్పము. విత్తునప్పుడే గొఱ్ఱు వెంట, విత్తనమునకు ప్రక్కగా రెండంగుళములు, క్రిందుగా రెండంగుళములు పడునట్లు వేయవలెను. ఎరువు విత్తనమునకు తగిలినయెడల, ముఖ్యముగా పదును చాలని నేలలో, మొలక మాడిపోవును. పైరు పెరిగిన పిమ్మట భాస్వరము వేయుట ఆలస్యమైన పని.

పొటాషు: ఆకు అడుగుభాగమున కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు అసంఖ్యాకముగా నుండును. ప్రతి రంధ్రమునకు ఇరుప్రక్కల రెండు కణములు తలుపు రెక్కలవలె నుండును. ఆ కణములలోనికి పొటాషు చేరినప్పుడు అవి నీటితో ఉబ్బి రంధ్రము తెరచుకొనును. పొటాషు వెలుపలికి పోయినప్పుడు అవి సడలి రంధ్రము మూసికొనును. తలుపు తెరచినప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చి ఆహారము తయారగును. నీరు ఆవిరియై వెలుపలికి పోవును. పొటాషు చాలిన పైరు ఎండ ముదిరిన వేళ తలుపును సకాలమున మూసికొనును. చాలని పైరు ఆ పనిని సరిగా చేయజాలక వడలును. ఇంతేగాక కణములలో నీటిని పట్టియుంచుటకును, ఆకులో తయారైన పంచదారను గింజకు చేర్చుటకును పొటాషు అవసరము. పొటాషు కొరత కలిగినపుడు మొదట ముదురాకుల అంచులు మాడినట్లగును. నల్లరేగడి నేలలలో పొటాషు సాధారణముగా మెండు. ఇసుకపాలు హెచ్చుగా నున్న ఎఱ్ఱ చెల్కలలో అంత యుండదు. పైగా చొప్ప, కట్టె యంతయు పొలమునుండి తరలించినకొలది నేలలోని పొటాషు తరిగిపోవును.

నత్రజని: ఆకుపచ్చదనమునకును, పెరుగుదలకును మూలమిదియే. ఇది లేనిదే పైరు నేలను కప్పజాలదు. కాని ఇది రెండంచుల కత్తి వంటిది. ఆరంభమున నత్రజని నంతయు ఒక్కసారి గుప్పించినయెడల పైరు విపరీతముగా ఆకు వేసి, నేలలోని నీటినంతయు పెరుగుటకే ఖర్చు చేసి, కంకి పోసికొను వేళకు గ్రుక్కెడు నీరు లేక తాలుపోవును. అటువంటి చేను పుష్యమి కార్తెలో చూచుటకు ముచ్చటగా నుండును. ఉత్తర కార్తెలో చూచిన కన్నీరు తెప్పించును. పల్లెలలో యూరియా మాత్రము వేసి, తక్కినవి మానుట తఱచు జరుగుచున్నది. వర్షాధార సేద్యమునందు దీనికంటె ప్రమాదకరమైన అలవాటు లేదు.

4. కొద్దిపాటి మోతాదులో కావలసిన ఖనిజములు

జర్మనీ దేశమునందు స్ప్రెంగెల్ అను శాస్త్రజ్ఞుడు 1828లో సూచింపగా, లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పిమ్మట లోకమునకు ప్రచురము చేసిన సూత్ర మొకటి కలదు. పైరునకు కావలసిన ఆహారములలో అన్నియు మెండుగా నుండి, ఒకటి కొఱవడినచో, పంట ఆ కొఱవడిన దానిని బట్టియే యుండును. కుండకు ఎక్కడ చిల్లి పడునో నీరు అంతవరకే నిలుచును గదా.

2000 సంవత్సరము తరువాతి తొలి యేండ్లలో, పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల రైతుల మెట్ట చేలలో మట్టిని పరీక్షింపగా, అత్యధిక భాగము చేలలో గంధకము, జింకు, బోరాన్ కొఱవడియున్నట్లు తేలినది. అంతవరకు ఆ చేలలో పంట తగ్గుటకు వానలేమియే ఏకైక కారణమని అందరు తలచుచుండిరి. దాహముతోపాటు కంటికి కనబడని ఆకలియు అచట కలదని అప్పుడు స్పష్టమైనది.

గంధకము నూనెగింజలకును, అపరాలకును ముఖ్యము. భాస్వరమును సూపర్ ఫాస్ఫేట్ రూపమున వేసినచో అందులో నూటికి 11 పాళ్లు గంధకము కూడ లభించును. జింకు కొఱవడిన నేలకు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేట్‌ను ఆఖరి దుక్కిలో వేయవచ్చును. దానిని భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు. కలిపిన రెండును మొక్కకు అందని రూపమునకు మారును. బోరాన్ పూత, పిందె నిలుచుటకు అవసరము. కాని మోతాదు మించినచో అదియే విషమగును. కావున మట్టి పరీక్ష లేనిదే దానిని వేయరాదు.

వేరుశనగ పండించు రైతులు సున్నపు ధాతువును మరువరాదు. ఈ పైరు కాయ తనకు కావలసిన సున్నపు ధాతువును వేరునుండి గాక, తన చుట్టునున్న మట్టినుండియే గ్రహించును. పైపొర ఎండిన యేట అది అందక కాయలు లొత్తలగును. కావున ఊడలు దిగు సమయమున, నేల పదునుగా నున్నప్పుడు, ఎకరమునకు 200 కిలోల జిప్సమును మొదళ్లయొద్ద వేసి మట్టి ఎగదోయవలెను.

5. పెంట, ఆకు, చెఱువు మట్టి

కొన్న ఎరువు పైరునకు తిండి పెట్టును. పశువుల పెంట పైరునకు తిండి పెట్టి, నేలకు నీటిని పట్టు శక్తిని కూడ ఇచ్చును. నాలుగు టన్నుల బాగుగా చివికిన పెంటయందు సుమారు 20 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరము, 20 కిలోల పొటాషు ఉండును. ఇసుక నేలయందు అది కణములను కూర్చి తడిని నిలుపును. రేగడియందు గడ్డలను వదులు చేసి వాన ఇంకునట్లు చేయును.

కాని మన పెంటకుప్పలు ఎండకు ఎండి, వానకు తడిసి సగము సారమును కోల్పోవుచున్నవి. పశువు విసర్జించు పొటాషులో అధికభాగము మూత్రమునందే యున్నది. కొట్టములో చెత్త, పనికిరాని చొప్ప, పొడి మట్టి పరచి మూత్రమును పీల్పించి, ప్రతిదినము దానిని గోతిలో వేసి పైన మట్టి కప్పవలెను. బూడిదయందు పొటాషు కలదు. కాని దానిని పెంటతో గాని యూరియాతో గాని కలుపరాదు. కలిపిన నత్రజని ఘాటైన వాయువై ఎగిరిపోవును. బూడిదను వేరుగా నుంచి దుక్కిలో చల్లవలెను.

పశువులు తగ్గిన గ్రామములలో గట్లపై గ్లైరిసిడియా కొమ్మలు నాటి, రొట్ట కోసి సాళ్ల నడుమ పరచవచ్చును. అది ఎండను అడ్డగించి, పిమ్మట చివికి ఎరువగును. కానుగ, వేప ఆకులును ఇట్లే ఉపయోగపడును. జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైరులను వానలు చాలునంత గల చోట్లనే వేయవలెను. లేనిచో అవియే నేలలోని పదునును త్రాగివేయును.

వేసవిలో ఎండిన చెఱువునుండి ఒండ్రుమట్టి తోలుకొనుట మన పెద్దలనాటి పద్ధతి. తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరంభించిన మిషన్ కాకతీయ కార్యక్రమమున చెఱువుల పూడిక తీసినప్పుడు అనేకులు ఆ మట్టిని తమ చెల్కలకు చేర్చుకొనిరి. జిగట పాలు హెచ్చుగా గల ఆ మట్టి ఎఱ్ఱ చెల్కకు చేరిన, ఒక వానకు మఱొక వానకు నడుమ పదును మరి కొన్ని దినములు నిలుచును. చౌడు గల మట్టిని మాత్రము తోలరాదు. ఇదివరకే నల్లరేగడియైన చేనికి ఇది అవసరము లేదు.

6. ఎంత, ఎప్పుడు వేయవలెను

మొదట మట్టిని పరీక్ష చేయింపవలెను. పొలమున ఎనిమిది పది చోట్ల ఆరంగుళముల లోతువరకు మట్టి తీసి, కలిపి, అందులో అరకిలో నీడన ఆరబెట్టి మండల వ్యవసాయాధికారికి అందజేయవలెను. గట్టు ప్రక్క, చెట్టు క్రింద, పెంటకుప్ప పోసిన చోట మట్టి తీయరాదు.

ఉదాహరణకు, ఒక రైతు తన జొన్న చేనికి ఎకరమున 24 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరము, 12 కిలోల పొటాషు వేయదలచెననుకొందము. దానికి సుమారు 52 కిలోల యూరియా, 100 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావలెను. సూపర్ ఫాస్ఫేట్, పొటాషు అంతయు, యూరియాలో సగమును విత్తునప్పుడే వేయవలెను. మిగిలిన సగము యూరియాను ఇంటిలోనే యుంచుకొనవలెను. విత్తిన 30 దినముల పిమ్మట మంచి వాన కురిసి, నేల పదునైనప్పుడు దానిని సాళ్ల వెంట వేసి, దంతెతో మట్టి కప్పవలెను. పైపైన చల్లి విడిచిన యూరియా అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోవును. వాన రానిచో వేయనే రాదు. ఆ సగము బస్తా నష్టము కాదు. మఱుసటి పైరునకు నిలువ. ఇట్లు వానను చూచి ఖర్చు పెట్టు రైతునకు, వాన తప్పిన యేట అప్పు భారము కొంత తగ్గును.

వర్షాధారపు వేరుశనగకు ఎకరమునకు సుమారు 18 కిలోల యూరియా, 100 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల పొటాషు చాలును. వేళ్లయందలి బుడిపెలు గాలినుండి నత్రజనిని తెచ్చుకొనును గనుక దీనికి యూరియా హెచ్చుగా అక్కరలేదు.

7. బెట్ట తగిలిన పిమ్మట

పైరు నడుమ బెట్ట తగిలినచో మొదట గుంటక గాని దంతె గాని తోలి, నెఱ్ఱెలు పూడ్చి, కలుపు తీయవలెను. పైరుకంటె కలుపే ముందుగా నీటిని దొంగిలించును. నేలలో ఎరువు వేయరాదు. ఆకుపై చల్లు మందుతో పైరు కొంతకాలము నిలువగలదు: 200 లీటర్ల నీటిలో 4 కిలోల యూరియా, లేక 2 కిలోల పొటాషియం నైట్రేట్ కరగించి, ఉదయము గాని సాయంకాలము గాని ఆకులు తడియునట్లు చల్లవలెను. ఆకు పూర్తిగా వడలి వ్రేలాడుచున్నప్పుడును, మిట్టమధ్యాహ్నమునందును చల్లిన ఆకు మాడును. ఇది జబ్బుపడినవానికి ఇచ్చు గంజి వంటిదే గాని పూటభోజనము కాదు. మరల వాన కురిసినంతనే ఇంటిలోని యూరియాను నేలకు ఇచ్చుట అసలైన వైద్యము.

8. ఎరువు చేయజాలనిది

1876–78 సంవత్సరములలో దక్కను ప్రాంతమును పీడించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కఱవని పిలిచిరి. అట్టి యేట ఎంత ఎరువు వేసినను ఫలము లేదు. ఉండునని చెప్పుట రైతును మోసపుచ్చుటయే. ఎరువునకు ఫలము కనబడునది నడిమి రకపు సంవత్సరములలో. వాన కురియును, కాని మఖ, పుబ్బ కార్తెలలో మూడు వారములు మొగము చాటు వేయును. అట్టివి మన ప్రాంతమున అరుదు గావు. అట్టి యేట గట్టు వేసి, మంచి విత్తనము విత్తి, సరియైన తిండి పెట్టిన చేనికిని, ఏమియు చేయని చేనికిని గల భేదమే రైతు అప్పు తీరుటకును, పెరుగుటకును గల భేదము.

ఇక్రిశాట్ వారు పటాన్‌చెరువునందు నల్లరేగడి నేలలో 1976 మొదలుకొని అనేక సంవత్సరములు రెండు పద్ధతులను ప్రక్కప్రక్కనే నడిపి చూచిరి. పాత పద్ధతిలో హెక్టారునకు సగటున సుమారు 1 టన్ను ధాన్యము రాగా, ఎత్తు మడులు, మేలు విత్తనము, తగిన ఎరువు, అంతర పంట కలిపిన పద్ధతిలో సుమారు 5 టన్నులు వచ్చినవి. రెంటిపైనను కురిసినది ఒకే వాన. ఈ ఘనత ఎరువు ఒక్కదానిదే కాదు. నీటిని నిలుపుట, తిండి పెట్టుట యను రెండు పనులు జంటగా జరిగినందున కలిగినది.

రైతులు ఈ మాటలను నమ్మి వెంటనే చేనంతయు మార్చనక్కరలేదు. ఈ సంవత్సరము చేనిలో పది గుంటల నేల వేరుచేసి, అందు మట్టి పరీక్షలో చెప్పిన ప్రకారము పెంటయు ఎరువును వేసి, తక్కిన చేనిని మామూలుగా సాగు చేయుడు. బెట్ట తగిలిన దినములలో మధ్యాహ్నవేళ పోయి, రెండు భాగములలో ఏ పైరు ముందుగా ఆకు ముడుచునో, సాయంకాలమునకు ఏది ముందుగా తేరుకొనునో చూడుడు. కోతనాడు రెంటి గింజలను వేరువేరుగా తూచి, ఎరువునకైన ఖర్చును తీసివేసి లెక్క వ్రాసికొనుడు. మిగులు కనబడినచో మఱుసటి యేట చేనంతటికిని ఆ పద్ధతిని విస్తరింపవచ్చును. కనబడనిచో ఆ లెక్క పట్టికతో మండల వ్యవసాయాధికారిని కలిసి, కొఱవడినదేమో విచారింపుడు.